కంట్రోలర్ మీద నంబర్ ఎంత పెట్టాలి? వాటర్ పోల్‌తో కిటికీలు కడిగేటప్పుడు నీళ్ళ ధార లెక్క

పోయిన ఎపిసోడ్‌లో మన వ్యాను లోపల ఏమేం ఉంటాయో చూపించాను కదా, ట్యాంకు, పంపు, బ్యాటరీ, పైపు రీలు. అది చూశాక ఎక్కువమంది అడిగింది ఒక్కటే. "అన్నా, ఆ కంట్రోలర్ మీద నంబర్ ఎంత పెట్టాలి?" ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. ముందే చెప్పేస్తున్నా, నా నంబర్ మీకు పనికిరాదు. ఎందుకు పనికిరాదో తెలిస్తే మీ నంబర్ మీరే పట్టుకుంటారు.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. నేనుండేది ఇంగ్లాండ్‌లో, లండన్‌కి పడమటి వైపు. ఇళ్ళ కిటికీలు కడగడం నా పని. ఇక్కడ ఎక్కువగా రెండంతస్తుల ఇళ్ళు. ఇదివరకు నిచ్చెన వేసుకుని ఎక్కి తుడిచేవాళ్ళు. 2005లో ఎత్తు మీద చేసే పనులకి రూల్స్ వచ్చాయి. కింద నిలబడి చేయగలిగిన పనికి పైకి ఎక్కొద్దు అన్నది అందులో మొదటి మాట. దాంతో పొడుగాటి పోల్, దాని చివర బ్రష్, బ్రష్‌లో రెండు చిన్న జెట్లు, పోల్ లోపల నుంచి సన్న ట్యూబు, ఈ సెట్టు బాగా వాడకంలోకి వచ్చింది. బ్రష్‌తో రుద్దుతాం, నీళ్ళతో కడిగేస్తాం, అలాగే వదిలేసి వెళ్ళిపోతాం. గుడ్డతో తుడిచే పనే లేదు.

తుడవకపోతే మరకలు పడవా అంటారా? ఇక్కడ కుళాయి నీళ్ళు వాడితే కచ్చితంగా పడతాయి. మా వైపు నీళ్ళు గట్టి నీళ్ళు, టీడీఎస్ 300 దగ్గర చూపిస్తుంది. మన ఇళ్ళల్లో ఆర్‌ఓ ఫిల్టర్ బిగించే అబ్బాయి గ్లాసులో మీటర్ ముంచి చూపిస్తాడే, అదే మీటర్, అదే లెక్క. కాకపోతే తాగే నీళ్ళకి కొంచెం ఖనిజాలు ఉండనిస్తాం, కిటికీ నీళ్ళకి సున్నా కావాలి. ఆర్‌ఓ, ఆ తర్వాత రెజిన్, రెండూ దాటాక 0 వస్తుంది. ఆ నీళ్ళు ఆరిపోతే వెనక మిగలడానికి ఏమీ ఉండదు. ఇలా చేసుకున్న ప్రతి లీటరుకీ దాదాపు ఇంకో లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, డ్రెయిన్‌లోకి పోతుంది. అందుకే ట్యాంకులో ఉన్న నీళ్ళు నాకు ఊరికే వచ్చినవి కావు. ధార గురించి ఇంత పట్టింపు అందుకే.

ఇప్పుడు అసలు విషయం. నీళ్ళు గట్టిగా కొడితే మురికి పోతుంది అనుకుంటారు చాలామంది. కారు వాష్‌లో చూసిన ప్రెషర్ గన్ బుర్రలో ఉండిపోతుంది. ఇక్కడ అలా కాదు. మురికిని వదిలించేది బ్రష్ కుచ్చు. నీళ్ళ పని మురికిని మోసుకుపోవడం. రుద్దేటప్పుడు అద్దం తడిగా ఉంటే చాలు. కడిగేటప్పుడు మాత్రం పై అంచు నుంచి కింది అంచు దాకా తెగకుండా పారేంత నీళ్ళు కావాలి. అంటే పొదుపు చేయాల్సింది రుద్దే దగ్గర, చేయకూడనిది కడిగే దగ్గర. చాలామంది దీన్ని తిరగేస్తారు. రుద్దేటప్పుడు ధారాళంగా వదులుతారు, చివర్లో తొందరపడి బ్రష్ అలా ఒకసారి జార్చి పక్క కిటికీకి పోతారు. చుక్కలు మిగిలేది అక్కడే.

ఈ వసంతంలో నాతో పాటు పనికి వచ్చిన తమ్ముడి సంగతి చెప్తాను. మంచి కష్టజీవి. ఒక రోజు వేరే వీధిలో వాడిని ఒక్కడినే వదిలాను, 400 లీటర్ల ట్యాంకు ఉన్న చిన్న వ్యానుతో. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఫోన్. "అన్నా, నీళ్ళు అయిపోయినయ్." ఇంకా నాలుగు ఇళ్ళు ఉన్నాయి. ఇంటికి 15 పౌండ్ల లెక్కన 60 పౌండ్ల పని అక్కడే ఆగిపోయింది. ఆర్‌ఓ మెల్లగా తీస్తుంది కాబట్టి మళ్ళీ నింపుకుని రావడమంటే సాయంత్రమే. దానికి తోడు పొద్దున చేసిన ఒక ఇంటావిడ, కింది కిటికీల మీద చారలున్నాయని మెసేజ్ పెట్టింది. అన్ని నీళ్ళు పోసి కూడా చారలు! తమ్ముడు నిజంగానే బిత్తరపోయాడు.

లెక్క చూడండి. వాడి బ్రష్ దగ్గర కొలిస్తే నిమిషానికి రెండున్నర లీటర్లు వస్తోంది. 400ని రెండున్నరతో భాగిస్తే 160 నిమిషాలు. రెండు గంటల నలభై నిమిషాలు, అంతే. అదే నిమిషానికి ఒకటిన్నర లీటర్లయితే 266 నిమిషాలు, నాలుగు గంటల పైమాట. ఇది ధార పారుతున్న టైము మాత్రమే. మధ్యలో నడవడం, పైపు లాగడం, బెల్లు కొట్టి గేటు తీయించుకోవడం ఇందులో లేవు. అంటే ఒకటిన్నరతో రోజు గడిచిపోతుంది.

మరి చారలు ఎందుకొచ్చాయి? ఇక్కడి కిటికీ ఫ్రేముల పైన గాలి కోసం సన్నటి చీలికలు ఉంటాయి. వాటిలో దుమ్ము, సాలెగూడు, అన్నీ ఉంటాయి. పై అంతస్తులో నీళ్ళు ఎక్కువ వదిలితే అవి గోడ మీదకి చిమ్ముతాయి, ఆ చీలికల్లోకి దూరతాయి. మనం కింది కిటికీ చక్కగా కడిగేసి వెళ్ళాక, పదినిమిషాలకి పైనుంచి మురికి చుక్కలు ఒక్కొక్కటీ జారతాయి. మన చేతిలో పోల్ ఉన్నంతసేపూ అద్దం శుభ్రంగానే కనిపిస్తుంది, అదే చిక్కు. అందుకే పై ఫ్రేము ముందు రుద్దాలి, దాన్ని ముందే కడిగి కాసేపు కారనివ్వాలి, ఆ తర్వాతే అద్దం. పై అంతస్తు మొత్తం అయ్యాకే కింద.

సరే, నంబర్ దగ్గరికి వద్దాం. కంట్రోలర్ మీద కనిపించే 30, 40, 50 లీటర్లు కావు. 12 వోల్టుల పంపుకి కరెంటుని ఎంత ఆపి ఆపి ఇవ్వాలో చెప్పే నంబర్ అది. తక్కువ పెడితే పంపు టక్ టక్ మని ఆగి ఆగి కొట్టడం వినిపిస్తుంది కూడా. పంపు ఎంత తిరిగినా బ్రష్ దగ్గరికి ఎన్ని నీళ్ళు చేరతాయన్నది పైపు మీద ఉంటుంది. పొలం తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. బోరు దగ్గర మోటారు అదే, కానీ చివరి మడి దాకా పైపు పరిస్తే ధార సన్నబడుతుంది కదా. ఇదీ అంతే. నా రీలు మీద 100 మీటర్ల పైపు ఉంటుంది. లోపలి సందు 6 మిల్లీమీటర్లదా 8 మిల్లీమీటర్లదా అన్నదాన్ని బట్టి, అదే ఒత్తిడికి వచ్చే నీళ్ళు రెండింతల పైనే మారిపోతాయి.

ఎత్తు సంగతి చాలామంది ఎక్కువ ఊహించుకుంటారు. పది మీటర్ల ఎత్తుకి పోయే ఒత్తిడి సుమారు 1 బార్. రెండో అంతస్తు కిటికీకి అందులో సగం, కొంచెం అటూ ఇటూ. 100 మీటర్ల 6 మిల్లీమీటర్ల పైపులో, నిమిషానికి ఒకటిన్నర లీటర్లు పారుతుంటే, పోయేది 2 బార్ల పైనే. అంటే మన పంపుని కష్టపెట్టేది ఎత్తు కాదు, పైపు బారు. బ్రష్ పైకి పోయినప్పుడల్లా నంబర్ పెంచడం నాకు అర్థం కాని అలవాటు.

మరి మీ నంబర్ ఎలా పట్టాలి? ఒక లీటరు వాటర్ బాటిల్, మీ ఫోన్‌లో స్టాప్‌వాచ్. పైపు మొత్తం బయటికి లాగండి, పోల్ తగిలించండి, బ్రష్‌ని బకెట్లో పెట్టి ధార వదిలి, ఒక నిమిషం పాటు పట్టి, బాటిల్‌తో కొలవండి. ఒకటిన్నర బాటిళ్ళు వచ్చే దాకా నంబర్ అటూ ఇటూ జరపండి. వచ్చిన నంబర్ని టేపు మీద రాసి కంట్రోలర్ పక్కన అంటించండి. నెల నెలా లేదా రెండు నెలలకోసారి కడిగే ఇళ్ళకి అది సరిపోతుంది. మొదటిసారి కడిగే ఇల్లయితే, ఫ్రేముల్లో ఏళ్ళ నాటి మురికి ఉంటుంది కాబట్టి, రెండు లీటర్లు దాటినా నేను పట్టించుకోను. ఆ ఇంటికి డబ్బులు కూడా ఎక్కువే తీసుకుంటాం.

అద్దం కూడా మీతో మాట్లాడుతుంది, చూడండి. కొన్ని అద్దాల మీద నీళ్ళు పల్చటి పొరలా పరుచుకుంటాయి. అక్కడ బ్రష్ అద్దానికి ఆనించే, పై నుంచి నెమ్మదిగా కిందికి తెస్తూ కడిగేయొచ్చు, తక్కువ ధార చాలు. కొన్నిటి మీద తామరాకు మీద లాగా పూసలు పూసలుగా నిలబడతాయి. అక్కడ బ్రష్‌ని అద్దం నుంచి ఒక బెత్తెడు వెనక్కి తీసి, జెట్లతో పై అంచు పొడవునా కొట్టుకుంటూ రావాలి. లేదంటే పూసలు అక్కడే కూర్చుని, తమలో ఉన్న కొంచెం మురికినీ అక్కడే వదిలేస్తాయి. ఒకే ఇంట్లో రెండు రకాలూ ఉండొచ్చు. నీళ్ళు తక్కువ పడి చుక్కలు మిగిలే చోటు ఇదే, ఇక్కడ పిసినారితనం వద్దు.

ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి నడిచేటప్పుడు ధార కట్టేయండి. పోల్ కింది భాగంలో పెట్టుకునే చిన్న ట్యాప్ దొరుకుతుంది, చేతికి అందుబాటులో ఉంటుంది. కొందరు పైపు మడిచి పట్టుకుంటారు, కొన్నాళ్ళకి ఆ మడత దగ్గరే చిల్లి పడుతుంది. ట్యాప్ కట్టినప్పుడు పైపులో ఒత్తిడి పెరిగి పంపు ముక్కుతుంది. కంట్రోలర్ దాన్ని పసిగట్టి పంపుని ఆపేస్తుంది. స్క్రీన్ మీద డెడ్ ఎండ్ అని వచ్చేది అదే. కొంతమంది దాన్ని చూసి మెషీన్ పాడైంది అనుకుంటారు. ట్యాప్ కట్టి ఉంటే అది దాని పని అది చేస్తోంది, అంతే. ట్యాప్ తెరిచి ఉన్నా అదే పదే పదే వస్తుంటే మాత్రం నంబర్ పైపు మోయగలిగిన దానికంటే ఎక్కువైనట్టు, లేదా పైపు ఎక్కడో కారు టైరు కింద నలుగుతున్నట్టు. ముందు నంబర్ తగ్గించి చూడండి, పైపు పొడవునా ఒకసారి నడిచి రండి. ఆ తర్వాతే సెట్టింగ్స్‌లో వేలు పెట్టండి.

చలికాలం వస్తే ఈ లెక్కంతా మారుతుంది. చల్లటి నీళ్ళు పైపులో బరువుగా కదులుతాయి, పైపు కూడా కర్రలా బిగుసుకుంటుంది. అక్టోబర్‌లో రాసుకున్న నంబర్ జనవరిలో తక్కువ నీళ్ళు ఇస్తుంది, మళ్ళీ బాటిల్ పట్టాల్సిందే. అయితే నీళ్ళ కంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. పొద్దున్నే సున్నా డిగ్రీల్లో గుమ్మం ముందు నీళ్ళు పారితే అవి గంటలో గాజు పలకలా గడ్డ కడతాయి. మా కస్టమర్లలో ఎనభై దాటినవాళ్ళు ఉన్నారు, పాల సీసా తీసుకోవడానికి చెప్పులతో బయటికి వస్తారు. అందుకే మంచు పడిన రోజు వీధి గుమ్మం పైనున్న కిటికీని ఎండ తగిలాకే చేస్తాను, ధార తగ్గించి, నడిచే దారి మీద ఉప్పు చల్లి. దారి మరీ జారుడుగా ఉంటే ఆ ఇల్లు ఆ రోజుకి వదిలేస్తాను. 15 పౌండ్లు వచ్చే వారం కూడా వస్తాయి.

మధ్యలో ఒక మాట. స్టూడెంట్ వీసా మీద వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ వీడియోలు చూసి సొంతంగా మొదలుపెడదాం అనుకుంటున్నారని తెలుసు. ఆ వీసా మీద సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌గా పనిచేయకూడదు, గంటలు తక్కువైనా సరే. పోల్ కొనే ముందు మీ వీసా లెటర్ చదవండి.

అలాగే ఊళ్ళో సోలార్ ప్యానెళ్ళు కడగడానికి ఇదే సెట్టు వాడొచ్చా అని హైదరాబాద్ నుంచి, గుంటూరు నుంచి అడుగుతున్నారు. వాడొచ్చు. కాకపోతే ప్యానెల్ కిటికీలా నిలువుగా ఉండదు, కొంచెం వాలుగా పడుకుని ఉంటుంది. నీళ్ళు దానంతట అవి జారవు, కింది అంచు దగ్గర నిలుస్తాయి. కాబట్టి కడిగేటప్పుడు ధార ఎక్కువే కావాలి, బోరు నీళ్ళయితే తెల్లటి పొర మిగులుతుంది. పొద్దున్నే ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు చేయండి, మిట్టమధ్యాహ్నం కాలే అద్దం మీద చల్లటి నీళ్ళు వద్దు.

నా తమ్ముడు ఇప్పుడు 400 లీటర్లతో ఆ వీధి మొత్తం చేసి, ట్యాంకులో అడుగున కాసిని నీళ్ళు మిగుల్చుకుని వస్తున్నాడు. వాడి కంట్రోలర్ పక్కన టేపు మీద రెండు నంబర్లు ఉంటాయి, ఎండాకాలానిది ఒకటి, చలికాలానిది ఒకటి. వచ్చే ఎపిసోడ్‌లో రెజిన్ ఎప్పుడు మార్చాలి, మీటర్ 0 నుంచి 5కి పోతే పని ఆపాలా వద్దా అన్నది చూద్దాం. ఉంటాను మరి, బై.