ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు

ముఖేడ్ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మన పిల్లలకు కొత్తకాదు. చిక్కంతా కాలేజీలో సైన్సు తీసుకున్నాకే. బడిలో ‘ప్రకాశ సంశ్లేషణ’గా చదివిన పాఠమే అక్కడ ‘ఫొటోసింథసిస్’ అవుతుంది. పాఠం తెలిసిందే, పేరే మారింది. ఆ సంగతి తోచక మొదటి పరీక్షలకే పుస్తకాలు మూటకట్టి చదువు మానేసేవాళ్ళున్నారు.

గైడు బట్టీపట్టకండి. నేనూ పట్టాను, ప్రశ్న కాస్త తిప్పి అడిగేసరికి కలం కదల్లేదు. కొత్త ఇంగ్లీషు మాట పక్కన మీకు తెలిసిన మరాఠీ మాట ఆ రోజే రాసుకోండి. రాత్రి అన్నం దగ్గర, ఆకు ఎండతో ఆహారం ఎలా తయారుచేస్తుందో అమ్మకు తెలుగులో చెప్పండి. ఆమె ‘మరి రాత్రిపూట ఏం జేస్తది?’ అని అడిగిందా, మర్నాడు లెక్చరరుగారిని అడగడానికి మీకో ప్రశ్న దొరికినట్టే.