పిల్లవాణ్ణి చూసి పాఠం చెప్పే బడి

(సంఘం వార్షిక సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఈ వేదిక మీద మీరిచ్చిన జకాత్, సదఖా డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పుకుంటాం. ఆ లెక్క ఈ సంచిక చివర ఉంది. ఈసారి లెక్కతో పాటు ఒక తప్పు కూడా ఒప్పుకోవాలనుకుంటున్నాం. ఇన్నేళ్లుగా మేము మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకే బహుమతులు ఇచ్చాం, వాళ్ల ఫోటోలే ఈ సంచికలో వేశాం. మూడో తరగతిలో బడి మానేసిన పిల్లవాడి ఫోటో ఎప్పుడూ వెయ్యలేదు. వాడెందుకు మానేశాడని అడగనూ లేదు.

మమ్మల్ని ఆలోచింపజేసింది మా సాయంత్రం తరగతికి వచ్చే ఒక చిన్నవాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. తండ్రిది సైకిల్ పంచర్ల దుకాణం. పగలు చదివే బడిలో వాడు నోరు విప్పడు. మొద్దు అని పేరు పడిపోయింది. ఒకరోజు మా టీచరమ్మ పుస్తకం మూసేసి, "మీ అబ్బా పంచర్ ఎక్కడుందో ఎలా కనిపెడతారు బాబూ?" అని ఉర్దూలో అడిగారు. వాడు లేచి నిలబడ్డాడు. ట్యూబుకి గాలి కొట్టాలి, నీళ్ల తొట్టెలో ముంచాలి, బుడగలు వచ్చిన చోట చిల్లు ఉన్నట్టు అని సగం ఉర్దూలో, సగం తెలుగులో చెప్పాడు. మర్నాడు తొట్టె, ట్యూబు, పంపు తెచ్చుకున్నారు. పిల్లలంతా చేసి చూశారు. గాలి, నీరు, బుడగ, చిల్లు, పంపు అని అయిదు మాటలు పలక మీద రాశారు. గాలికి చోటు కావాలన్న సైన్సు పాఠం ఆ సాయంత్రమే అయిపోయింది. ఆ పిల్లవాడు మొద్దు కాడు. వాడికి తెలిసిన దాని గురించి వాణ్ణి ఎవరూ అడగలేదు, అంతే.

పిల్లవాడికి తెలిసిన దగ్గర నుంచి మొదలుపెట్టి తెలియని దగ్గరకి తీసుకెళ్లడాన్నే శిశుకేంద్ర విద్య అంటున్నారు. ఇది కొత్త ఫ్యాషను కాదు, మనకి పరాయిదీ కాదు. 1111లో కన్నుమూసిన ఇమామ్ గజాలీ, పిల్లవాణ్ణి చదువు తర్వాత ఆడుకోనివ్వాలనీ, ఆట మాన్పించి ఎప్పుడూ చదువుకే కూర్చోబెడితే వాడి మనసు చచ్చిపోతుందనీ హెచ్చరించారు. పధ్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ ఖల్దూన్, దెబ్బలతో చదివించిన పిల్లలకు అబద్ధం, కపటం అలవాటవుతాయని రాశారు. చేతిలో బెత్తం లేకపోతే చదువు రాదనుకునే పెద్దలు ఈ రెండు పేర్లు గుర్తుంచుకోవాలి.

తర్వాతి కాలంలో ఐరోపాలో పెస్టలోజీ, ఫ్రోబెల్ ఈ దారిలోనే నడిచారు. 1896లో జాన్ డ్యూయీ చికాగోలో ప్రయోగశాల లాంటి బడి పెట్టి, పిల్లలు పని చేస్తూ నేర్చుకునే పద్ధతిని పరీక్షించారు. 1907లో మరియా మాంటిస్సోరి రోము నగరంలో కూలీల పిల్లల కోసం బాలల గృహం తెరిచారు. 1939లో ఆమె మన మద్రాసుకే వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. పేదల వాడలో పుట్టిన ఆ పద్ధతి ఈనాడు ఖరీదైన బళ్ల బోర్డుల మీద కనిపిస్తోంది.

మన వైపు చూస్తే, ఈ శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఉన్నారు. ఆయన సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల భాషలోనే పుస్తకాలు తయారుచేసి, వాళ్ల కోసం బళ్లు పెట్టించారు. వాడుక భాషలో చదువు చెప్పాలని జీవితమంతా పోరాడారు. సవర పిల్లవాడికి సవరలో చెప్పాలన్న న్యాయమే మన ఉర్దూ పిల్లవాడికీ వర్తిస్తుంది. వాడికి తెలుగు రావాలి, ఇంగ్లీషూ రావాలి. కానీ మొదటి మెట్టు ఇంటి భాషే.

ఇక డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారి గురించి. ఆయన రాష్ట్రపతి అని అందరికీ తెలుసు. అంతకుముందు ఆయన బడి పంతులు. 1897లో హైదరాబాదులో పుట్టి, బెర్లిన్‌లో డాక్టరేటు చేసి, 1926లో జామియా మిల్లియా బాధ్యత తీసుకున్నారు. అప్పటికి ఆ సంస్థ మూతపడే స్థితిలో ఉంది. ఆయన, సహచరులు నెలకు నూటయాభై రూపాయలకు మించి జీతం తీసుకోకుండా ఇరవై ఏళ్లు పనిచేస్తామని మాట ఇచ్చారు. చిన్న చిన్న చందాలిచ్చే హమ్‌దర్దుల సంఘం పెట్టి దాన్ని నిలబెట్టారు. అంటే మీలాంటి దాతలే జామియాను బతికించారు. 1935లో ఓఖ్లాలో కొత్త భవనానికి శంకుస్థాపన చేసే గౌరవం ఏ నవాబుకూ, నాయకుడికీ ఇవ్వలేదు. బడిలో అందరికంటే చిన్న విద్యార్థి చేత పునాదిరాయి వేయించారు.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ విద్యా సదస్సు జరిపి, ప్రణాళిక తయారుచేసే కమిటీకి జాకిర్ హుస్సేన్ గారినే అధ్యక్షుణ్ణి చేశారు. ఏడేళ్లపాటు ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతిపని చుట్టూ అల్లిన పాఠాలు - ఇదే నయీ తాలీమ్. వడకడం, నేయడం అందులో ముఖ్యమైన పనులు.

పొందూరు వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కరలేదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, ఏకులు చేసి, రాట్నం మీద సన్నని నూలు తీసే ఊరు మనది. ఆ పనిలో లెక్కలున్నాయి: ఎంత దూదికి ఎంత పొడవు నూలు? భూగోళం ఉంది: ఈ పత్తి ఏ నేలలో పండుతుంది? చరిత్ర ఉంది: మిల్లు బట్ట వచ్చాక ఏమైంది? కానీ మన ఊళ్లోనే ఎంతోమంది పిల్లలు ఇంట్లో ఆ పని చూస్తూ పెరిగి, బడిలో ఆ మాటే వినకుండా బయటికి వస్తున్నారు.

ఇక్కడొక ప్రమాదం కూడా ఉంది. చేతిపని పేరుతో పిల్లల చేత కూలి చేయించే ప్రమాదం. దాన్ని జాకిర్ హుస్సేన్ కమిటీ అప్పుడే గుర్తించింది. పిల్లల పని నుంచి వచ్చే డబ్బు మీద దృష్టి పడితే చదువు నాశనమవుతుందని హెచ్చరించింది. మనకీ అదే గీత. పంచర్ దుకాణం గురించి పాఠం చెప్పాలి గానీ, బడి వేళ పిల్లవాణ్ణి దుకాణంలో కూర్చోబెట్టకూడదు.

మరి ఇంత మంచి ఆలోచనలు ఎందుకు నిలవలేదు? 1980ల్లో మన రాష్ట్రంలో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. ఆరు సూత్రాలతో టీచర్లకు కృత్యాల పద్ధతి నేర్పారు. పరిసరాలను వాడుకోవడం, జట్లుగా పనిచేయడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం అందులోవే. అయితే ఒక్క టీచరు అయిదు తరగతులు చూసుకునే బడిలో, పరీక్ష మాత్రం పాతదే అయినప్పుడు, నేర్చుకున్న పద్ధతి నిలవడం కష్టం. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు ఈ చిక్కునే పట్టించుకున్నారు. పల్లె బళ్ల కోసం మెట్లు మెట్లుగా కార్డులు తయారుచేశారు. ప్రతి పిల్లా తన మెట్టు నుంచి తన వేగంతో ఎక్కుతుంది. తర్వాత తమిళనాడు ప్రభుత్వ బళ్లు కూడా ఆ దారి అందుకున్నాయి.

ఇప్పుడు చట్టం కూడా ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. భయం లేకుండా, చేసి చూసి నేర్చుకునేలా, వీలైనంతవరకు మాతృభాషలో బోధన సాగాలంది. అయితే పద్ధతిని నిలబెట్టేది టీచరు. టీచరుకు కావలసింది సమయం, శిక్షణ, క్రమంగా అందే జీతం.

అందుకే దాతలకు మా మనవి ఇది. గేటు కట్టిస్తాం, పేరు చెక్కించండి అని కొందరు ముందుకొచ్చారు. వారికి జజాకల్లాహ్. కానీ ఈ ఏడాది గేటు వద్దు. మా సాయంత్రం తరగతికి రెండో టీచరమ్మను పెట్టుకోనివ్వండి. పలకలు, ఉర్దూ, తెలుగు కథల పుస్తకాలు, ఒక బీరువా ఇప్పించండి. వాటి మీద మీ పేరు ఉండదు. సదఖయే జారియాకి పేరు చెక్కిన రాయి అక్కరలేదు కదా.

ఇంగ్లీషు ఎప్పుడు చెబుతారు, ఆటలే ఆడిస్తున్నారేమిటి అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. అడగాలి కూడా. వాళ్లకు మా జవాబు: వచ్చి ఒక గంట కూర్చోండి. ప్రతి పిల్లకీ ఒక పుస్తకం పెట్టి, నెల కిందట ఏం చదవగలిగింది, ఇప్పుడు ఏం చదువుతోంది అని రాస్తున్నాం. మార్కుల కాగితం కంటే అది చూస్తే మీకే తెలుస్తుంది.

వచ్చే సంచికలో ర్యాంకుల ఫోటోలు ఉండవు. బడి మానేసి మళ్లీ వచ్చిన పిల్లలు ఎందరో ఆ లెక్క వేస్తాం. అది చిన్న అంకె అయినా దాచకుండా వేస్తాం. అల్లాహ్ మన శ్రమను స్వీకరించుగాక. ఆమీన్.