బడి ముచ్చట ఊరు మాట్లాడాలె

(ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యమం మనకు ఒక పని నేర్పింది. జనాన్ని మన దగ్గరికి పిలుచుడు కాదు, మనమే జనం దగ్గరికి పోవుడు. రచ్చబండ మీద, కూలి అడ్డాల మీద కూసోని ముచ్చట పెట్టినం. నీళ్లు, నిధులు, నియామకాలు అనే మాట ఇంటింటి మాటయింది అట్లనే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మరి బడి విషయంల ఆ పని ఎందుకు ఇడిసిపెట్టినం?

2011 సకల జనుల సమ్మెను యాది చేసుకుందాం. 42 రోజుల సమ్మె. పంతుళ్లు సమ్మెకు దిగితే బడులకు తాళాలు పడ్డయి. పిల్లల సదువు ఆగుతదని తెలిసి కూడ పేద తల్లిదండ్రులు మన వెంట నిలబడ్డరు. ఆ బాకీ ఇంకా మన మీదనే ఉన్నది.

సర్కారు బడికి వచ్చే పిల్లలు ఎవరు? తండా పిల్లలు, గూడెం పిల్లలు. బీడీలు చుట్టే తల్లి బిడ్డలు. తండ్రి గల్ఫుకు పోయిన పిల్లలు. పాలమూరు వలసకూలీలు అవ్వతాతల కాడ ఇడిసిపోయిన పిల్లలు. పాతబస్తీ ఉర్దూ ఇండ్ల పిల్లలు. ఇటుకబట్టీలకొచ్చిన ఒడిశా కూలీల పిల్లలు. ఇన్ని తీర్ల ఇండ్లకు మనం పంపేది ఒక్కటే చీటీ: ‘ఫలానా రోజు పదకొండు గంటలకు మీటింగు’. ఉపాధి హామీ పనికి పోయిన తల్లి పదకొండు గంటలకు ఎట్లొస్తది? వస్తే కూలి పోతది. రాకుంటే ‘వీళ్లకు పట్టింపు లేదు’ అని మనమే అంటం.

చట్టం లేదా అంటే ఉన్నది. 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీల నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలన్నది. సగం మంది ఆడవాళ్లుండాలన్నది. బలహీన వర్గాలకు వాళ్ల పిల్లల సంఖ్యను బట్టి చోటియ్యమన్నది. 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయి. కమిటీ ఏదైనా, రిజిస్టరు మీద వేలిముద్ర పడంగనే తల్లి మాట విన్నట్టు కాదు.

వింటే ఏమైతదో మన గడ్డ మీదనే రుజువైంది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాల మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ బాలకార్మికులను బడిబాట పట్టించింది. తల్లిదండ్రులను తప్పుబట్టకుండ, ఊర్లె అందరితోని కూసోని మాట్లాడింది. పిల్లలను పనికి పెట్టుకున్న ఆసాములతోని కూడ మాట్లాడింది. పేదోడు పిల్లల సదువు కోరడనే మాట అబద్ధమని తేలింది. ఈ పనిని నడిపిన శాంతా సిన్హాకు 2003ల మెగసెసే అవార్డు వచ్చింది.

ఇంకొక చేదు మాట. మన యాసను సినిమాల్ల వెక్కిరించిన్రని కొట్లాడినం. మరి గోండి, కొలామి, లంబాడీ మాట్లాడే పిల్ల నోరు తెరిస్తే మన తరగతిల నవ్వు వినబడుతలేదా? 2004ల ఉమ్మడి రాష్ట్రంల ఎనిమిది భాషలల్ల మాతృభాషా బోధన మొదలైంది. 2022 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది. అది తల్లిదండ్రులు కోరుకున్నదే. కాని ఇంటి భాషకు బడిల ఇజ్జత్ లేకుంటే ఆ తల్లి బడి గడప తొక్కదు. మన మీద జరిగిన అవమానాన్ని మనమే ఇంకొకరి మీద చేస్తే, ఆత్మగౌరవం అన్న మాటకు అర్థమేమున్నది?

అందుకే మనం చేయవలసింది ఇది. నెలకొకసారి పొద్దుగూకినంక తండాకు, బస్తీకి, బట్టీకి మనమే పోదాం. వాళ్ల భాష వచ్చినోళ్లను వెంట తీస్కపోదాం. కుర్చీలు, మైకులు వద్దు, అందరం కిందనే కూసుందాం. తల్లులను, అవ్వలను ముందు మాట్లాడనిద్దాం. ‘మీ పిల్లగాడు ఎందుకు రాలేదు’ అని కాదు, ‘బడి మీకేం చేయాలె’ అని అడుగుదాం. గల్ఫుల ఉన్న తండ్రికి ఫోను కలుపుదాం. చెప్పింది రాసుకుందాం. వచ్చే నెల పోయినప్పుడు ఏమైందో, ఏం కాలేదో వాళ్ల ముందటనే చెప్పుదాం. జవాబు చెప్పకుంటే రెండోసారి ఎవరూ కూసోరు.

విద్యార్థులారా! మీరు సదువుకున్న బడికే పోండ్రి. ఉద్యోగులారా! మీ పిల్లలు ప్రైవేటు బడిల ఉండొచ్చు, అయినా ఊరి బడి మనదే. తెలంగాణ తెచ్చుకున్న ముచ్చట్ల తాకతుతోనే బడిని కూడ నిలబెట్టుకుందాం.

జై తెలంగాణ!