ఆఖన్ నుంచి కొలోన్‌కు ఒక శనివారం

జర్మనీలో చదువుకునే మన పిల్లలకు వారాంతపు షికారు ఖరీదైన సరదా ఏమీ కాదు. సెమిస్టర్ టికెట్ చేతిలో ఉంటే చాలు, ప్రాంతీయ రైళ్లన్నీ ఎక్కవచ్చు. ఐసీఈ లాంటి వేగపు రైళ్లకు మాత్రం అది చెల్లదు.

ఆఖన్‌లో చదివేవారు నలుగురు స్నేహితులతో కలిసి గంట ప్రయాణం చేస్తే కొలోన్. స్టేషన్ బయట అడుగు పెట్టగానే ఎదురుగా మహా చర్చి. 1248లో పునాది వేస్తే 1880లో పూర్తయింది. మధ్యలో దాదాపు మూడు శతాబ్దాలు పని ఆగిపోయింది. సగం లేచిన గోపురం మీద ఒక పాత క్రేను మాత్రం తరతరాలుగా అలాగే నిలబడి ఉండేదట! పూర్తయ్యాక 157 మీటర్ల ఎత్తుతో నాలుగేళ్లపాటు ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం ఇదే. దక్షిణ గోపురం ఎక్కాలంటే 533 మెట్లు. సందర్శకులకు లిఫ్ట్ లేదు. మన తిరుమల మెట్లు ఎక్కినవారికి ఇదొక లెక్కా? దారిలో 1923లో పోత పోసిన 24 టన్నుల గంట కనిపిస్తుంది.

తర్వాత హోహెన్‌జోలెర్న్ వంతెన దాటండి. ఫొటోలకు రైన్ నది అవతలి ఒడ్డే మేలు.

ఈ షికారుకు శనివారమే మంచిది. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి, ప్రార్థనల వేళ చర్చి లోపల తిరగనివ్వరు. ఆదివారమే వెళ్లక తప్పకపోతే, పులిహోర డబ్బా మరిచిపోకండి.