పాత గిటారును బాగుచేయుట



మా తడ గ్రామమునకు తూర్పున పులికాటు సరస్సు కలదు. ఆ నీటిమీదుగా వచ్చు గాలిలో ఉప్పు పాలు ఎక్కువ. ఆ గాలికి తలుపుల గొళ్లెములే నిలువవు. ఇక వాద్యముల ఉక్కుతీగలెట్లు నిలుచును? మా యింట అటకమీద చిరకాలము పడియున్న సోవియట్టు ఎలక్ట్రిక్ గిటారును మొన్న క్రిందికి దింపగా దాని ఆరు తంత్రులును తుప్పు పట్టియుండెను. ఆ దోషము వాద్యముది కాదు, తుడిచి దాచని మాది.

ఈ గిటారు పేరు ఉరాల్. స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరమున మీటల వాద్యములు చేయు కర్మాగారము 1970, 1980 దశాబ్దములలో ఇట్టివానిని చేసెను. ఆ నగరమునకు 1991లో యెకాతెరిన్‌బుర్గ్ అను పూర్వనామము తిరిగి వచ్చినది.

దీనిని చేతబట్టగానే తెలియునది బరువు. మెడ లావు. మెట్లలో మొదటిది తంత్రులు మెడమీదికి వచ్చుచోటనే యున్నది. దీనిని సున్న మెట్టందురు. తీగ మీటినపుడు ఏ మెట్టును నొక్కకున్నను తీగ దానిమీదనే ఆనును. అది అరిగినచో విడితీగ గరగరలాడును. తంత్రుల క్రింద మూడు పికప్పులు, వానికి తగినన్ని మీటలు, మరలు. పికప్పనగా అయస్కాంతము చుట్టును చుట్టిన సన్నని రాగితీగ. ఉక్కుతంత్రి దానిపై కంపించినపుడు చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచి ధ్వనిగా వినిపించును.

అన్నిటికన్న వింతయైనది సాకెట్టు. ఇతర దేశముల గిటార్లకుండు గుండ్రని జాకు దీనికి లేదు. సోవియట్టు ఇండ్లలోని టేపు రికార్డర్లకు వాడెడి అయిదు పిన్నుల సాకెట్టే దీనికిని అమర్చిరి. అక్కడి సంగీతప్రియులకు అది సులభము. ఇక్కడ మనకు తీగయే దొరకదు. మరమ్మతు చేయువాడు చూచి, "చెక్కకు రంధ్రము వేసి కొత్త జాకు బిగించెదను, అరగంట పని" అనెను. మేమును సరే యనబోతిమి.

అపుడు మాకు మాండొలిన్ శ్రీనివాస్ జ్ఞప్తికి వచ్చెను. 1969లో పాలకొల్లున జన్మించిన ఆ విద్వాంసుడు 1978లో గుడివాడలో, తొమ్మిదవ యేట, తొలి కచేరి చేసెను. సాధారణముగ మాండొలినుకు జంటలుగ ఎనిమిది తంత్రులుండును. జంటతీగలను మెట్టుపై ప్రక్కకు లాగి గమకము పలికించుట కష్టము. మీటిన నాదము త్వరగ ఆరిపోవును. కర్ణాటక సంగీతమునకు నిలుచు నాదము కావలెను. కావున ఆయన ఒంటితీగలు అయిదు గల ఎలక్ట్రిక్ మాండొలినును చేపట్టెను. 2014లో ఆయన మరణించునాటికి దేశవిదేశములు దానిని మన వాద్యముగనే గుర్తించినవి.

ఆ మార్పును సంగీతము కోరినది. మా గిటారుకు వేయదలచిన రంధ్రమును సంగీతము కోరలేదు. మా తొందర కోరినది. రంధ్రము వేసినను స్వరమొకటి పెరుగదు. వేసిన పిదప చెక్క మరల అతుకదు.

కావున రంధ్రము మానితిమి. ఒక కొస అయిదు పిన్నులు, రెండవ కొస మామూలు జాకు గల చిన్న తీగను చేయించితిమి. అయిదింటిలో నాదమును మోయు పిన్ను ఏదో, భూమికి కలియు పిన్ను ఏదో మీటరుతో చూచిన పిమ్మటనే టంకము వేయవలెను. అన్ని గిటార్లకును ఒకే అమరిక యుండదు. కొత్త తంత్రులు బిగించి ఆంప్లిఫయరుకు తగిలించితిమి. మొదట బుర్రుమనెను. భూమితీగను సరిచేయగా ఆ రొద తగ్గి, షడ్జము స్పష్టముగ పలికెను.

మీ యిండ్లలోను ఇట్టి వాద్యములుండవచ్చును. వాయించిన పిదప తంత్రులను పొడిగుడ్డతో తుడువుడు. చిరకాలము దాచుటయైనచో తంత్రులను కొంత సడలించుడు. బరమా పట్టువానిని పిలుచుటకు ముందు, తీగల సంగతి తెలిసినవానిని పిలువుడు.