విదేశ శిక్షణకు తొలి పాఠము



విజయవాడ ఆటోనగరులో ప్రొద్దు పొడిచినది మొదలు సుత్తి చప్పుడు వినవచ్చును. లారీ బాడీలు కట్టువారు, కమాను పట్టీలు సరిచేయువారు, ఇంజన్లు విప్పి బిగించువారు కలరు. అచ్చట ప్రతి షెడ్డును ఒక పాఠశాలయే. మేస్త్రి పానా నంబరు చెప్పుటయే తడవుగా కుర్రవాడు అందించును. ఆ భాష ఏ పుస్తకములోను లేదు, వినికిడివలన వచ్చినది.

ఇటీవల అట్టి షెడ్డులో ఒక యువకుని మేము కలిసికొంటిమి. ఐ.టి.ఐ. చదువు ముగించి జపానులో శిక్షణకు పోవ సిద్ధపడుచున్నాడు. ఆ దేశపు చలనచిత్రములు అనేకము చూచితినని సంతోషముతో చెప్పెను. ప్రక్కనున్న మేస్త్రి, "ఏరా అబ్బాయ్, మిషన్లో చెయ్యి పడితే ‘ఆపండి’ అని వాళ్ల భాషలో ఏమని అరుస్తావు?" అని అడిగెను. యువకుడు తెల్లబోయెను. కత్తియుద్ధముల మాటలెన్నియో వచ్చును. ఆ ఒక్క మాట రాదు. ఆ మాట ‘తొమెతె’.

అట్లని చిత్రములును పుస్తకములును వృథాయని మా అభిప్రాయము కాదు. 1953లో ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’ని చూడుడు. వృద్ధ దంపతులు నగరములోని బిడ్డలను చూడబోవుదురు. బిడ్డలకు తీరిక యుండదు. చాపపై కూర్చున్నవారి కంటి యెత్తున కెమెరా నిలిచి, ఆ ఇంటి మర్యాదలను చూపును. మనసులోని నొప్పిని పైకి చెప్పక చిరునవ్వుతో దాచుట వారి నడవడిలో ఎంత భాగమో అందు తెలియును. ‘రైలుబడి’ యను పేర తెలుగులోనికి వచ్చిన కురొయనగి గారి బాల్యస్మృతులు 1981లో జపానులో వెలువడినవి. అందలి ప్రధానోపాధ్యాయుడు ఒక చిన్నపిల్ల మాటలను నాలుగు గంటలు ఓపికతో వినును. కార్ఖానాలోని మేస్త్రికి నాలుగు నిమిషముల తీరికయైన ఉండకపోవచ్చును. పుస్తకము దేశపు హృదయమును చూపును. పనిచోటి తొందరను చూపదు.

కావున చిత్రమును రెండుమారులు చూడవలెను. మొదట కథకొరకు; పిమ్మట ముఖములను విడిచి, చేతులకొరకును మాటలకొరకును. జపానువారు మాటిమాటికి ‘హాయ్’ అందురు. నిఘంటువులో దానికి ‘అవును’ అని యర్థము. కాని పెక్కుమారులు అది కథ వినువాడు ఊఁ కొట్టుటవంటిదే. వింటిననుటయే గాని, ఒప్పుకొంటిననుట కాదు. మన కుర్రవాడును మేస్త్రి చెప్పినది తెలియకున్నను తల యూపుట యెరుగుదుము. ఈ రెండు అలవాట్లును యంత్రము దగ్గర కలిసినచో ప్రమాదము. ‘వకరిమసెన్’, అనగా ‘నాకు తెలియలేదు’ అను మాటను సిగ్గుపడక పలుకగల్గుటయే తొలి పాఠము.

అచ్చటి పనిచోట్ల ‘హోరెన్‌సో’ యను సూత్రము కలదు. జరిగినది నివేదించుట, సమాచారమందించుట, సందేహము వచ్చినపుడు సంప్రదించుట అను మూడింటి జపాను పేర్ల మొదటి భాగములు చేర్చిన మాట యిది. వినుటకు అది వారి పాలకూర పేరే! ఇంత సులభముగా గుర్తుండు సూత్రము వేరొకటి ఉండదేమో.

ఇక చదువవలసిన ముఖ్యగ్రంథము మరియొకటి కలదు: ఒప్పంద పత్రము. జపాను ప్రభుత్వము సాంకేతిక శిక్షణ పద్ధతిని 1993లో ఆరంభించెను. భారతదేశముతో 2017లో ఒడంబడిక కుదిరెను. నైపుణ్యము నేర్పుటయే దాని ప్రకటిత లక్ష్యము. కాని కార్మికుల కొరత తీర్చుకొనుటకే వాడుకొనుచున్నారనియు, చేరినచోటు మారుటకు సామాన్యముగా వీలులేదనియు అచ్చటనే విమర్శలు బయలుదేరినవి. 2024లో ఆ పద్ధతికి బదులుగా వేరొకదానిని నెలకొల్ప చట్టము చేసిరి. కావున జీతమెంత, బసకు మినహాయింపెంత, ఏ పని నేర్పుదురు, కష్టము కలిగినచో ఎవరితో చెప్పుకొనవలెను అను నాలుగు ప్రశ్నలకు పత్రములో సమాధానము దొరకనిదే సంతకము చేయరాదు. ఇంటిలో తల్లిదండ్రులకు దానిని తెలుగులో చదివి వినిపించవలెను. అప్పు తెచ్చి పంపువారు వారే కదా!

మేము సెలవు తీసికొను వేళకు ఆ యువకుడు నోటుపుస్తకము తెరచియుండెను. మేస్త్రి ఒక్కొక్క పనిముట్టును చేతికిచ్చి పేరు చెప్పుచుండగా తెలుగులో వ్రాసికొని, ఎదుట జపాను మాటకు ఖాళీ విడుచుచుండెను. మొదటి వరుసలో మాత్రము ఖాళీ లేదు. అచ్చట ‘ఆపండి’ అని వ్రాసి, దాని యెదుట ‘తొమెతె’ యని పూర్తిచేసియుండెను.