ఒకే కప్పు కింద రెండు గదులు

(మా శాఖ సిబ్బంది నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిపాజిట్లు, మొండి బకాయిల గురించి రోజూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈరోజు మన ఇళ్లలో బీరువాలో ఉండే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గురించి నాలుగు మాటలు చెబుతాను.

కొత్త డిస్క్ పెట్టె మీద 1 టీబీ అని ఉంటుంది. కంప్యూటర్‌లో చూస్తే 931 జీబీయే! దుకాణదారు మోసం చేయలేదు. తయారుచేసినవారు వెయ్యి లెక్కన కడతారు, విండోస్ 1,024 లెక్కన కడుతుంది. అంతే తేడా.

ఫార్మాట్ చేయడమంటే కొత్త లెడ్జర్ తెరవడం లాంటిది. పాతవి పోతాయి కాబట్టి కావలసినవి ముందే వేరేచోటికి కాపీ చేసుకోవాలి. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి, పెద్ద పెళ్లి వీడియో ఎక్కదు. విండోస్ ఒక్కటే వాడేవారికి ఎన్‌టీఎఫ్ఎస్ మేలు. పిల్లల దగ్గర మ్యాక్ కూడా ఉంటే ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి.

భాగాలు చేయడానికి స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సైజు చూసి మీ డిస్క్ ఏదో నిర్ధారించుకోండి. పొరపాటున కంప్యూటర్ సొంత డిస్క్ జోలికి వెళ్లకండి. ష్రింక్ వాల్యూమ్‌తో ఉన్న భాగాన్ని తగ్గించి, ఖాళీ అయిన చోట న్యూ సింపుల్ వాల్యూమ్ పెట్టాలి. ఎక్స్‌ఫ్యాట్ భాగాన్ని ఇలా తగ్గించడం కుదరదు. అందుకే డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడే ఎంతెంత కావాలో నిర్ణయించుకోండి.

ఇవన్నీ నేను పద్ధతిగానే చేశాను. ఒక భాగానికి 'ఫోటోలు', రెండోదానికి 'బ్యాకప్' అని పేర్లు పెట్టి, అందులోవి ఇందులోకి కాపీ చేసి నిశ్చింతగా ఉన్నాను. ట్రాన్స్‌ఫరై సామాను సర్దుకుంటున్న రోజున, డిస్క్ నడుస్తుండగా వైరు కాలికి తగిలి బల్ల మీంచి కింద పడింది. రెండు భాగాలూ ఒక్కసారే పోయాయి. అందులో మా నాన్నగారి షష్టిపూర్తి వీడియో ఉంది. అప్పటికే ఆయన లేరు. ఆయన గొంతు మా దగ్గర మిగిలింది అందులోనే. "ఆ వీడియో ఒకసారి పెట్టరా" అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

ఎంబీఏలో రిస్కును పంచుకోవడం గురించి పరీక్ష రాసినవాణ్ణి. స్ట్రాంగ్ రూమ్ తాళంచెవులు రెండూ ఒక్కరి దగ్గరే ఉంచకూడదని కొత్తవాళ్లకు చెప్పేవాణ్ణి. ఇంటి దగ్గర మాత్రం ఆ మాట మరిచాను. పార్టిషన్ అంటే ఒకే కప్పు కింద రెండు గదులు. సర్దుకోవడానికి బాగుంటాయి, కాపాడటానికి పనికిరావు.

కాబట్టి రెండో డిస్క్ కొనండి. దాన్ని అన్నయ్య ఇంట్లోనో, చెల్లెలి ఇంట్లోనో ఉంచండి. పండక్కి కలిసినప్పుడల్లా కొత్తవి చేర్చండి. పాత డిస్క్ ఎవరికైనా ఇచ్చేటప్పుడు క్విక్ ఫార్మాట్ దగ్గర టిక్ తీసేసి ఫార్మాట్ చేయండి. క్విక్‌లో చెరిగేది విషయసూచికే, పేజీలు లోపలే ఉంటాయి. బ్యాంకు ఫైళ్లు మాత్రం సొంత డిస్క్‌లో ఒక్కటి కూడా పెట్టకండి.

ఈ ఆదివారం ఒక గంట ఈ పనికి కేటాయించండి. మీ అమ్మగారు అడిగినప్పుడు చూపించడానికి ఆ వీడియో ఉండాలి.

సెలవు.